వత్తి కుదిరితేనే కొవ్వొత్తి: ఇంటి తయారీదారుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో కొవ్వొత్తులు చేసి అమ్ముతున్నవారి నుంచి, మొదలుపెట్టాలనుకుంటున్నవారి నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట, వివరంగా రాసిన ఉత్తరాన్ని ఎంచుకున్నాను. పేరు వద్దన్నవారే ఎక్కువ కనుక అందరికీ ఊరి పేరుతోనే సరిపెట్టాను.

ప్రశ్న: ఏడాదిగా సోయా మైనంతో గాజు గ్లాసుల్లో సువాసన కొవ్వొత్తులు చేస్తున్నాను. గ్లాసు వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లు. వత్తి చుట్టూ మాత్రమే మైనం కరిగి బావిలా లోపలికి దిగిపోతోందనీ, సగానికి వచ్చేసరికి ఆరిపోతోందనీ కొన్నవారు చెబుతున్నారు. మైనం మంచిది కాదేమోనని రెండు దుకాణాలు మార్చాను, అయినా అంతే. - గుంటూరు

జవాబు: మీరు మార్చవలసింది దుకాణాన్ని కాదు, వత్తిని. కొవ్వొత్తిలో వత్తి మండుతుందని అనుకుంటాం గానీ, నిజానికి మండేది మైనపు ఆవిరి. మంట వేడికి కరిగిన మైనం నూలుపోగుల సందుల్లోంచి పైకి పాకి, మంట దగ్గర ఆవిరై, ఆ ఆవిరి కాలుతుంది. వత్తి సన్నదైతే పైకి అందే మైనం తక్కువ కాబట్టి మంట చిన్నదిగా ఉండి, దాని వేడి గ్లాసు అంచుదాకా పోదు. అంచున మైనం గట్టిగా నిలిచిపోయి మధ్యలో బావి పడుతుంది, ఆ బావిలో ఊరిన మైనంలోనే వత్తి మునిగి ఆరిపోతుంది. వత్తి మరీ లావైతే దీనికి తలకిందులుగా జరుగుతుంది: మంట పొడవై, పొగ చిమ్మి, వత్తి కొసన పుట్టగొడుగులా బొగ్గు కట్టి, గ్లాసు పట్టుకోలేనంతగా కాలుతుంది. ఈ రెండింటి నడుమ మీ గ్లాసుకు, మీ మైనానికి, మీరు కలిపే సువాసన తైలానికి కుదిరే వత్తి ఎక్కడో ఉంటుంది. వత్తుల లావును నంబర్లతో చెబుతారు, మీకు కుదిరేది ఏ నంబరో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, వత్తులు అమ్మేవారి పట్టికా కచ్చితంగా చెప్పలేదు. ఆ పట్టిక మీ వెతుకులాటను మూడు నాలుగు నంబర్ల దాకా కుదిస్తుంది, అంతవరకే దాని ఉపయోగం.

ఒకే మైనం, ఒకే తైలం, ఒకే గ్లాసు తీసుకుని మూడు వేర్వేరు నంబర్ల వత్తులతో మూడు కొవ్వొత్తులు పోయండి. రెండు వారాలు ఆగి, కాటా మీద బరువు చూసి, వత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించి మూడింటినీ పక్కపక్కనే వెలిగించండి. నాలుగు గంటల తర్వాత ఆర్పి, కరిగిన మైనపు మడుగు ఎంత వెడల్పు, ఎంత లోతు ఉందో స్కేలుతో కొలవండి. చల్లారాక మళ్లీ తూచి ఎంత మైనం ఖర్చయిందో నోటుపుస్తకంలో రాసుకోండి. మర్నాడు మళ్లీ నాలుగు గంటలు, ఆ మర్నాడు మళ్లీ, ఇలా అడుగున సెంటీమీటరు మైనం మిగిలేదాకా చేయాలి. మడుగు అంచును తాకడానికి వెడల్పులో ప్రతి అంగుళానికి సుమారు గంట పడుతుంది కాబట్టి మీ గ్లాసుకు మూడు గంటలు న్యాయమైన లెక్క. లోతు సెంటీమీటరు దగ్గర ఉంటే చాలు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మొదటి రోజు గంటన్నరలోనే మడుగు అంచును తాకిందని సంబరపడి ఆ వత్తినే ఖాయం చేసుకుంటారు. మైనం కిందికి దిగేకొద్దీ గాజు గోడలు వేడిని లోపలే పట్టి ఉంచుతాయి కనుక, మొదటి రోజున చురుగ్గా కనిపించిన వత్తి చివరి మూడో వంతులో ప్రమాదకరమవుతుంది. గ్లాసు పగిలే అవకాశం ఎక్కువగా అక్కడే. మొదటి రోజు కాస్త వెనకబడి, రెండో రోజుకు అంచును అందుకునే వత్తే మంచిది. పూర్తిగా చివరిదాకా వెలిగించి చూడని రకాన్ని అమ్మకానికి పెట్టవద్దని నేను పట్టుపట్టేది అందుకే.

రెండు చిన్న సంగతులు కూడా గమనించండి. మీరు పరీక్షించేటప్పుడు ఫ్యాను ఆపి ఉంటారు, కొన్నవారింట్లో అది తిరుగుతూనే ఉంటుంది. ఆ గాలికి మంట ఒక పక్కకు వాలి ఆ పక్కనే కరుగుతుంది, తప్పు మాత్రం మీ మీదికి వస్తుంది. 'ఫ్యాను గాలికి దూరంగా ఉంచండి, మొదటిసారి మూడు నాలుగు గంటలదాకా ఆర్పకండి' అని తెలుగులోనే చీటీ రాసి పెట్టెలో వేయండి. రంగు కోసం పిల్లల క్రేయాన్లు తురిమి కలుపుతున్నట్లయితే మానేయండి, వాటిలోని రంగుపొడి నూలు సందులను పూడ్చేస్తుంది. ఇప్పటికే అమ్మినవాటికి మాత్రం ఒక ఉపాయం ఉంది: మధ్యలో రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్ద రంధ్రం వదిలి గ్లాసు పైభాగాన్ని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, దగ్గరే ఉండి గంటసేపు వెలిగిస్తే, లోపల నిలిచిన వేడికి అంచున మిగిలిన మైనం కరిగి మట్టం సర్దుకుంటుంది.

ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడు గుప్పుమనే వాసన, వెలిగించాక రావడం లేదు. అగరుబత్తులకు వాడే సెంటును పది శాతం నుంచి పదిహేను శాతానికి పెంచినా తేడా లేదు. - వరంగల్

జవాబు: పెంచడం ఆపండి. మైనం తనలో పట్టగలిగినంత తైలాన్నే పడుతుంది, మిగిలింది చెమటలా పైకి తేలి, మంట దగ్గరికి చేరి భగ్గుమంటుంది. సోయా మైనంతో 6 నుంచి 8 శాతం మధ్య మొదలుపెట్టి, మైనం అమ్మినవారు చెప్పిన గరిష్ఠాన్ని దాటకండి. అగరుబత్తుల సెంట్లలో ద్రావకం కలిపి పలుచన చేసినవి చాలా ఉంటాయి, అవి పుల్లకు పూయడానికి పనికొస్తాయి గానీ మైనంలో కుదరవు. కొవ్వొత్తులకని అమ్మే తైలాన్నే తీసుకుని, మైనం 65 నుంచి 70 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలపండి. పోసిన మర్నాడే వెలిగించి తీర్పు చెప్పవద్దు, సోయా మైనంలో వాసన కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. ఇంతా చేసి వాసన రాకపోతే పై జవాబు చదవండి, మడుగు చిన్నదైతే వాసన ఎగిసే చోటూ చిన్నదే. పన్నీరు వంటి నీళ్లతో చేసినవి ఏ పరిస్థితిలోనూ కలపకూడదు, వత్తికి నీటిబొట్టు తగిలితే చిటపటలాడుతుంది. మల్లెరేకులు మైనంలో వేస్తే మల్లె వాసన వస్తుందని కూడా కొందరు రాశారు. రాదు, రేకులు నల్లబడతాయి. ఎండు గులాబీరేకులు పైన అలంకరించిన కొవ్వొత్తిని నేనొకసారి నా బల్లమీదే వెలిగించి చూస్తుండగా, ఒక రేకు కొట్టుకువచ్చి మంట పక్కన రెండో వత్తిలా అంటుకుంది. ఆ రకం ఆనాటితో ఆపేశాను.

ప్రశ్న: ఒక్కో గ్లాసు కొవ్వొత్తిని 199 రూపాయలకు తెలిసినవారికి అమ్ముతున్నాను. 154 రూపాయలు ఖర్చవుతోంది, 45 మిగులుతోంది. మా ఊళ్లోని ఒక బహుమతుల దుకాణంవారు నెలకు వంద తీసుకుంటామనీ, అమ్మిన ధరలో 35 శాతం తమకు వదలాలనీ అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా? ఖర్చు వివరం: మైనం 40, తైలం 31, గ్లాసు 45, వత్తి 4, లేబులు 6, పెట్టె, లోపలి మెత్త 28. - రాజమహేంద్రవరం

జవాబు: ఈ ధరకు ఒప్పుకుంటే నెలకు వంద నష్టాలు అమ్మినట్లవుతుంది. 199లో 35 శాతం పోతే మీ చేతికి వచ్చేది సుమారు 129, మీ ఖర్చే 154. ఒక్కోదానికి పాతిక రూపాయలు మీరే చేతినుంచి ఎదురు పెడుతున్నారు.

అసలు 154 కూడా పూర్తి లెక్క కాదు. మీ ఉత్తరంలో మీ శ్రమకు ఒక్క రూపాయి కూడా లేదు, ఇంటినుంచి వ్యాపారం చేసే ఆడవారి ఉత్తరాలు పది వస్తే తొమ్మిదింటిలో ఉండదు. ఇరవై నాలుగు గ్లాసుల విడతకు తుడవడం, పోయడం, లేబులు అతికించడం, పెట్టెలో సర్దడం, గిన్నెలు కడగడం కలిపి నాలుగు గంటలు అనుకుని, గంటకు 75 రూపాయలు వేసుకున్నా ఒక్కోదానికి పన్నెండున్నర అవుతుంది. పగిలినవి, వంకర పోయినవి, పరీక్షకు తగలబెట్టినవి కలిపి పదింటికి ఒకటి పోతుందనుకుంటే మరో పదిహేను. కరెంటుకు మూడు రూపాయలు. ఇప్పుడు మీ అసలు ఖర్చు 185కు చేరింది, అంటే 199కి తెలిసినవారికి అమ్ముతున్నప్పుడు కూడా మీకు మిగులుతున్నది 45 కాదు, 14.

దుకాణానికి ఇచ్చి కూడా ఒక్కోదానిపై 40 రూపాయల లాభం కావాలంటే మీ చేతికి 225 రావాలి. ఆ 225 అమ్మకపు ధరలో 65 శాతం కావాలి కాబట్టి ధర 346 అవుతుంది, 349 అని వేయవచ్చు. ఆ ధరకు మీ ఊళ్లో అమ్ముడుపోతుందా అనేది దుకాణంవారినే అడగండి. ఒకవేళ ఒప్పుకుంటే, తెలిసినవారికీ అదే ధర పెట్టాలి. మీ దగ్గర 199కి దొరికేదాన్ని ఆ దుకాణంలో 349 పెట్టి ఎవరూ కొనరు, దుకాణంవారూ ఊరుకోరు.

ధర పెంచడం ఇష్టంలేకపోతే ఖర్చులో కోత ఎక్కడ పెట్టాలో మీ పద్దే చెబుతోంది. గాజు, అట్ట, కాగితం కలిపి 79 రూపాయలు, అంటే సగానికి మించి. మైనంలోనో తైలంలోనో నాసిరకానికి దిగి పది రూపాయలు మిగుల్చుకోవడంకన్నా, రేకు డబ్బాకు మారడమో, ఖాళీ గ్లాసు తెచ్చి ఇచ్చినవారికి మళ్లీ నింపి ఇవ్వడమో మేలు. అయితే పాత్ర మారినా, నింపే మైనం మారినా వత్తి పరీక్ష మళ్లీ మొదటినుంచీ చేయాలి. సీమంతాలకూ గృహప్రవేశాలకూ బహుమతులుగా యాభై, వంద చిన్న కొవ్వొత్తులు అడిగేవారిని వెతకండి. అక్కడ విడి పెట్టెలు అవసరం ఉండవు, ఒకే వాసన, ఒకే విడత. సగం సొమ్ము ముందే తీసుకోండి, ముహూర్తం మారితే మీ సరుకు మీ అల్మరాలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: వంటింట్లో గ్యాస్ స్టవ్ మీద మైనం కరిగిస్తున్నాను. మా అత్తగారు భయపడి వద్దంటున్నారు. ఆవిడకు నచ్చజెప్పడం ఎలా? - తెనాలి

జవాబు: నచ్చజెప్పకండి, మీ అత్తగారి భయంలో న్యాయముంది. నీళ్లయితే మరిగి హెచ్చరిస్తాయి. మైనం అలా కాదు, వేడెక్కినకొద్దీ ఇంకా నిమ్మళంగా, తేటగా కనిపిస్తుంది. 200 డిగ్రీల దరిదాపులకు వెళ్లాక దాని ఆవిరికి నిప్పంటుకోగలదు, పక్కనే మండుతున్న పొయ్యి ఉంది. అందుకని మైనం గిన్నెను నేరుగా పొయ్యిమీద పెట్టక, నీళ్లున్న పెద్ద తపేలాలో ఉంచి కరిగించండి. చుట్టూ నీళ్లున్నంతసేపు మైనం 100 డిగ్రీలు దాటదు, కాబట్టి ఆ నీళ్లు ఇంకిపోకుండా చూసుకోవడమే మీ పని. గ్యాస్ బదులు ఇండక్షన్ స్టవ్ వాడితే ఎదురుగా మంట ఉండదు. పైగా ఇంటి అవసరానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం.

మైనానికి నిప్పంటుకుంటే పొయ్యి కట్టేసి, మూత వేయాలి, నీళ్లు మాత్రం పోయకూడదు. నీరు మైనం అడుగుకు దిగి క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, మండుతున్న మైనాన్ని ఇల్లంతా చిమ్ముతుంది. గిన్నెకు సరిపడే మూతను మైనం కరిగిస్తున్నంతసేపు చేతికందే చోట ఉంచి, అదెందుకో మీ అత్తగారికి కూడా చెప్పి ఉంచండి. చేతిమీద మైనం పడితే పీకవద్దు, ఇరవై నిమిషాలపాటు పంపు నీటి ధార కింద పెట్టండి. మిగిలిన మైనాన్ని సింకులో పోస్తే గొట్టంలో గడ్డకట్టి ప్లంబరు ఖర్చు తెస్తుంది, పాత దినపత్రికతో గిన్నె తుడిచి తర్వాత కడగండి.

ప్రశ్న: దీపావళికి మట్టి ప్రమిదల్లో మైనం నింపి అమ్మాలనుకుంటున్నాను. నమూనాకు చేసినవి కొన్ని చిటపటలాడాయి, కొన్ని అడుగున జిడ్డు కారి బల్లకు మరక చేశాయి. - శ్రీకాకుళం

జవాబు: నూనె దీపాలకు అలవాటైన చేతులు కదా, ప్రమిదలను నీళ్లలో నానబెట్టే ఉంటారు. నూనె తాగేయకుండా నానబెట్టడం మన ఇళ్లలో ఉన్న మంచి పద్ధతే గానీ, మైనానికి అది పగ. మట్టిలో నిలిచిన తడి వత్తికి చేరి చిటపటలాడుతుంది. రెండు రోజులు ఎండలో బాగా ఆరనిచ్చి, ముందు పలుచగా ఒక పొర పోసి, మట్టి తాగవలసినంత తాగాక రెండో పొర పోయండి. అయినా మట్టి మైనాన్ని కొంత పీలుస్తూనే ఉంటుంది, బాగా పీల్చుకున్న మట్టి అంచు తానే వత్తిలా అంటుకోగలదు. అందుకని పెద్ద ప్రమిదల జోలికి పోక, పది పదిహేను గ్రాములు పట్టే చిన్నవాటికే పరిమితం కండి, కింద పళ్లెం పెట్టుకోమని చీటీలో రాయండి. లోపల మెరుపు పూత ఉన్న ప్రమిదలు దొరికితే ఈ బాధే ఉండదు. ఒక మాట: వీటిని గుమ్మానికీ పిట్టగోడకూ అలంకారంగానే అమ్మండి. దేవుడి దగ్గర నూనో నెయ్యో తప్ప మైనం వెలిగించనివారు మనలో చాలామంది. 'పూజా దీపాలు' అని లేబులు వేస్తే ఆ కొనుగోలుదారులు ఇక రారు.

కొవ్వొత్తి అనే మాటలోనే కొవ్వు ఉందనీ, అందులో జంతువుల కొవ్వు కలుస్తుందేమోననీ ఇదే పాఠకురాలు ఉత్తరం చివర అనుమానం రాశారు. ఒకప్పుడు యూరప్‌లో ఎక్కువగా పశువుల కొవ్వుతోనే చేసేవారు. ఆ కొవ్వునుంచి గట్టిగా ఉండే స్టియరిక్ ఆమ్లాన్ని వేరుచేసి కొవ్వొత్తులు చేసే పద్ధతికి షెవ్రల్, గే లుసాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1825లో పేటెంటు తీసుకున్నారు. ఇవాళ్టి పారాఫిన్ మైనం పెట్రోలియం నుంచి, సోయా మైనం నూనెగింజ నుంచి వస్తాయి. అచ్చుల్లో పోసే పారాఫిన్‌కు గట్టిదనం కోసం స్టియరిక్ ఆమ్లం ఇప్పటికీ కలుపుతారు, అది పామాయిల్ నుంచీ వస్తుంది, జంతు కొవ్వు నుంచీ వస్తుంది. కొనేచోట మొక్కలదేనని రాతపూర్వకంగా అడిగి తీసుకుంటే మీ కొనుగోలుదారులకు ధైర్యంగా చెప్పగలరు.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్ ద్వారా బెంగళూరు, చెన్నైలనుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. ఏడాదికి రెండు లక్షల అమ్మకాలు కూడా లేవు. జీఎస్టీ, ఇతర కాగితాలు అవసరమా? - ఖమ్మం

జవాబు: వస్తువుల అమ్మకంలో జీఎస్టీ నమోదుకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, మీ తెలంగాణలో 20 లక్షలు హద్దు. మీరు దానికి చాలా దూరంలోనే ఉన్నారు. అయితే ఈ హద్దు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. సరుకు రాష్ట్రం దాటితే, మొత్తం ఎంత చిన్నదైనా నమోదు తప్పనిసరి అన్నది మూల నిబంధన. చేతిపనుల వస్తువులకు కొన్ని షరతులతో ఇందులో సడలింపు ఉంది కనుక, మీ సరుకు ఆ జాబితా కిందికి వస్తుందో లేదో, ఏ షరతులు పాటించాలో మీ ఊళ్లోని పన్ను సలహాదారుకు వస్తువు చూపించి తెలుసుకున్నాకే బెంగళూరు పెట్టె కట్టండి. ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి పూర్తి నమోదు లేకుండా ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్ముకునే వీలుంది.

ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, ఆధార్, పాన్‌లతో ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. అదే పేరును పోలిన సైట్లు రెండు మూడు వేలు అడుగుతాయి, ఇవ్వకండి. లేబులు సంగతి మాత్రం అమ్మకాలు ఎంత చిన్నవైనా తప్పదు: తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్ ఉండాలి. నికర బరువు అంటే మైనం, తైలం బరువే, గ్లాసుతో కలిపి కాదు. మైనం నీటికన్నా తేలిక కాబట్టి 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసులో సుమారు 180 గ్రాములే పడుతుంది. గ్లాసు కొలత చూసి 200 గ్రాములని అచ్చువేయించినవారు నాకు తెలుసు.

చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద బ్యాంకులు ఇచ్చే ముద్ర శిశు రుణం 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారట కదా అని కూడా అడిగారు, ఇస్తారు. నెలకు అరవై గ్లాసులు చేసే స్థాయిలో ఆ అప్పుతో కొనవలసింది ఏమీ లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: మే నెలలో కొరియర్ చేసినవి కరిగి చేరాయి. పెట్టెలో ఐసు ప్యాకెట్లు పెట్టవచ్చా? - అనంతపురం

జవాబు: ఐసు ప్యాకెట్లు సగం దారిలో కరిగి లేబుళ్లను తడుపుతాయి. గ్లాసుల్లో పోసే సోయా మైనం చాలా రకాలు 50 డిగ్రీలకు అటూ ఇటూ కరిగిపోతాయి, ఎండలో నిలిపిన వ్యానులో అంతకన్నా వేడి ఉంటుంది. నా మొదటి ఏడాది మే నెలలో కర్నూలుకు నలభై గ్లాసులు పంపాను. చేరినవాటిలో వత్తులన్నీ ఒకే వైపుకు వాలి ఉన్నాయి, వ్యాను ఎటు వాలిందో అందులో చూసి చెప్పవచ్చు. నలభైకీ డబ్బు తిరిగి ఇచ్చాను. ఎండాకాలానికి 58 నుంచి 60 డిగ్రీలకు కరిగే పారాఫిన్‌ను సోయాతో కలిపి వేరే రకంగా చేయండి, దానికి వత్తి పరీక్ష ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. పంపడం సోమవారం పెట్టుకుంటే ఆదివారం గోదాములో ఆగిపోదు. దూరప్రాంతాలకైతే ఏప్రిల్ 15 నుంచి తొలకరిదాకా ఆర్డర్లు తీసుకోవడం మానేసి, ఆ సంగతి మీ పేజీలో ముందే ప్రకటించండి.